పైమిద్దె అవ్వ

పోయిన వారం ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కోసం నిలబడి ఉంటే, ఆదోనిలో ఒకప్పుడు నేను కట్టించిన ముసలోళ్ల మిద్దె వాచ్‌మన్ కనిపించాడు. నన్ను గుర్తుపట్టి, చంకలోని సంచి కింద పెట్టి దండం పెట్టాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, సంచి మళ్లీ చంకలో పెట్టుకుంటూ, "మన అవ్వ పోయె సార్. నెల దాటె" అన్నాడు.

ఎవరైనా పోయారంటే ఎట్లా పోయారని అడుగుతాం. నా నోటి నుంచి మాత్రం "యాడ?" అని వచ్చింది.

"ఆమె రూములోనే సార్. పైనే."

హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. మనిషి పోయిందని విని ఊపిరి పీల్చుకోవడమేమిటి? కాని ఆ పైగది ఆమెకు దక్కకుండా పోవడానికి ఒకప్పుడు నేనే కారణం కాబోయాను. ఆ సంగతి చెబితే తప్ప నా నిట్టూర్పు ఎవరికీ అర్థం కాదు.

ఆమె పేరు నాకు తెలుసు. కాగితాల మీద రాసింది నేనే. అయినా ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు. మేస్త్రీకి అవ్వ, నాకు అవ్వ, ఆమెకంటే రెండేళ్లు పెద్దయిన హమాలీకి కూడా అవ్వే.

ఆదోని బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన మరుసటేడు అది. నాది ఎమ్మిగనూరు, మగ్గం మీద బతికిన ఇల్లు. ఓవర్సీరు పరీక్ష కొత్తగా పాసయి పని కోసం తిరుగుతున్నాను. ఆదోనిలో ఒక పత్తి సావుకారి పోతూ పోతూ తన పాత గిడ్డంగిని, పత్తి నుంచి గింజ తీసే తన జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేసి ముసలివాళ్లయి, సొంత కొంప లేక ఒకరి పంచన బతుకుతున్నవాళ్లకు రాసి పెట్టాడు. గదులుగా కట్టించి తక్కువ అద్దెకు ఇవ్వాలని రాయించాడు. ఊరికే ఇవ్వొద్దన్నాడట. ఊరికే ఇస్తే సత్రమంటారు, ఏదో ఇంత అద్దె కడితే నా ఇల్లు అనుకుంటారు అన్నాడట. కింద ఎనిమిది గదులు, పైమిద్దెలో ఎనిమిది. ఆ పని చేయించడానికి ఏర్పడ్డ కమిటీవాళ్లు నన్ను పెట్టుకున్నారు.

గిడ్డంగిలో పైకి పోవడానికి గోడవారగా రాతిమెట్లు ఉండేవి. పత్తి మూటలు మోసే హమాలీల కోసం ఎప్పుడో వేసినవి. ఒక్కో మెట్టు దాదాపు అడుగు ఎత్తు. గట్టిగా ఉన్నాయి కదా అని వాటిని అట్లాగే ఉంచేశాను. ఒకరోజు పొద్దున, చీర కాస్త పైకి దోపుకున్న ఒక ముసలామె ఆ మెట్ల ముందు నిలబడి ఉంది. ఎక్కలేదు. కుడికాలు మొదటి మెట్టు పక్కన ఆనించి చూసుకుంది. మెట్టు ఆమె పిక్క దాటింది.

"ఎవురి కాళ్లు కొలిసి కట్టినావప్పా ఈ మెట్లు?" అని ఆవరణ అంతా వినిపించేటట్టు అడిగింది.

"నేను కట్టలేదవ్వా. పాతవే."

"అయితే ఎందుకు పీకలే?"

"నీకేం పని ఇక్కడ?" అన్నాను, కొంచెం కోపంగానే.

"ఈడ ఉండేది నేను గదా" అంది. అని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయింది.

వెళ్తున్నప్పుడు చెప్పి వెళ్లే అలవాటు ఆమెకు లేదని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లు జిన్ను మిషన్ల మధ్య పనిచేసిన మనిషి. ఆ రొదలో ఎవరూ ఎవరికీ చెప్పి వెళ్లరు. మాట్లాడితే అరిచినట్టే ఉండేది. రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినిపించేది. చెవులు ఏనాడో మొద్దుబారాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట తెలుసుకునేది. మనం మాట్లాడుతుంటే కళ్లలోకి చూడదు, నోటి వంకే చూస్తుంది. తెలియనివాళ్లు నా పళ్లకేమైనా అంటిందా అని తుడుచుకునేవాళ్లు.

మరుసటి రోజు నలుగురిని వెంటబెట్టుకొని వచ్చింది. ముగ్గురు ఆమెతో పాటు జిన్నులో చేసిన ఆడవాళ్లు. నాలుగో మనిషి నేను చెప్పిన ఆ ముసలి హమాలీ. "ఎక్కండి. ఓవర్సీరప్ప సూస్తాడు" అంది వాళ్లతో. ఆడవాళ్లు చేతులు పైమెట్టు మీద ఆనించి, పసిపిల్లలు పాకినట్టు ఎక్కారు. హమాలీ మూడు మెట్లెక్కి నిలిచిపోయాడు. అవే మెట్ల మీద ఇరవై ఏళ్లు మూటలు మోసిన మనిషి. దిగడానికి నేను చెయ్యి అందిస్తే, మొహం పక్కకు తిప్పుకొని పట్టుకున్నాడు.

అవ్వ పిడికిలి బిగించి మెట్టు మీద పెట్టి, దాని మీద బొటనవేలు నిలబెట్టింది. "ఇంతుండల్ల ఎత్తు. దీనికి మించితే మోకాలు ఒప్పదు."

ఆ తర్వాత ఆమె రాని రోజు లేదు. రెండుసార్లు కూర్చోమంటే తప్ప కూర్చునేది కాదు. గోడల మీద అరచెయ్యి రాస్తూ గదిగదీ తిరిగేది. పొయ్యి నేల మీద వద్దు, నడుమెత్తు తిన్నె మీద కట్టమంది. మేస్త్రీకి నవ్వొచ్చింది.

"నిలబడి వండుకునేదేందవ్వా, దొరల ఇండ్లలో మాదిరి?"

"దొరలకే ఉంటాయా మోకాళ్లు?" అంది.

గడపల దగ్గర మాత్రం గొడవ అయింది. గడపలు వద్దు, కాలివేళ్లు తగిలి పడతామని అవ్వ మాట. జిన్ను ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "గడప లేని ఇల్లు ఇల్లేనా? శుక్రవారం పసుపు యాడ పూయల్ల?" అని ఆమె మీదికి పోయారు. అవ్వ ఆదివారం చర్చికి పోయే మనిషి. నీకు పసుపు లేదు కాబట్టే మా గడప వద్దంటున్నావని ఒకామె అననే అనేసింది. అవ్వ ఆ పెదవుల వంక చూసి వెళ్లిపోయింది. కష్టపెట్టుకుందనుకున్నాను. మరునాడు వస్తూనే, "ఓవర్సీరప్పా, గడపరాయిని నేలలోకి దింపు. బండలకు సమంగా. పసుపు పూసేకి రాయి ఉంటాది, కాలికి తగిలేకి ఉండదు" అంది. పదహారు గదులకూ అట్లాగే వేయించాను. ఆ మాట అన్న ఆమే అందరికంటే ముందు సంతోషపడింది.

మెట్లు మాత్రం నా చేతిలో లేవు. పాతవి పీకి కొత్తవి వేయాలంటే కమిటీ ఒప్పుకోవాలి. మెట్టు సగం ఎత్తుకు దిగితే మెట్లు రెట్టింపు అవుతాయి. గోడవార చోటు చాలదు. ఆవరణ వైపు నుంచి మలుపు తిప్పి కట్టాలి. అందుకని ఒక కాగితం రాసిచ్చాను. ఈ మెట్లు ఉంటే వృద్ధులు పైకి ఎక్కలేరు, మార్చడానికి అనుమతి ఇవ్వవలసింది అని. నాలుగు వాక్యాల కాగితం. రాసి, మంచిపని చేశాననుకున్నాను.

కమిటీ పెద్ద, పోయిన సావుకారికి తమ్ముడు, చిన్న సావుకారి అంటారు. ఆయన, ఇంకో ముగ్గురు ఫ్యాక్టరీ ఆఫీసు వరండాలో కూర్చొని మాట్లాడుకుంటున్న రోజున అవ్వ గేటు బయట నిలబడి ఉందట. వరండాకీ గేటుకీ మధ్య లారీ తిరిగేటంత దూరం. చెవులున్న గేటు వాచ్‌మన్‌కి ఒక్క మాటా వినపడలేదు. అవ్వ నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె గొంతు తగ్గడం నేను మొదటిసారి చూశాను.

"పైమిద్దె మాకి లేదంటాండారప్పా."

"ఎవరన్నారు?"

"సిన్న సావుకారి నోట్లో కనపడె. ముసలోళ్లు ఎక్కలేరని ఓవర్సీరే రాసిచ్చినాడు, మళ్ల మెట్లు మార్చేదెందుకు, పత్తి కొనేకి వచ్చే ఏజెంట్లకి పైన అద్దెకిస్తామంటాండాడు. ఆ ఎనిమిది రూములూ."

నేను నమ్మలేదు. పరుగున పోయి అడిగాను. చిన్న సావుకారి దాచలేదు. చెడ్డవాడు కాదాయన. "చూడు నాయనా, పైన మంచి అద్దె వస్తే కింద ఎనిమిదిమందికి మరమ్మతులకు ఆదరువు ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్కలేరని నువ్వే అంటివి. ఎక్కలేని చోటు వాళ్లకిచ్చి ఏం లాభం?" అని నా కాగితమే నాకు చూపించాడు. మాటకు మాట నాదే. సంతకం కూడా నాదే.

తిరిగి వచ్చేసరికి అవ్వ ఆ పాతమెట్ల పక్కన నిలబడి ఉంది. నా మొహం చూసి నోరు విప్పనక్కరలేదన్నట్టు చెయ్యి ఊపింది.

"నువ్వు రాసినావు. రాయమన్నది నా నోరే గదా" అంది. వెళ్లిపోయింది.

మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులు పనివాళ్ల సుత్తి చప్పుడు కూడా నాకు బరువుగానే ఉండింది. గదులు దక్కాల్సిన పదహారుమంది పేర్ల చీటీ నా జేబులోనే ఉంది. అందులో ఏ ఎనిమిది కొట్టేయాలి? ముసలి హమాలీ ఒకసారి వచ్చి, ఆవరణలో తిరిగి, నన్ను ఏమీ అడగకుండా వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు పొద్దున్నే అవ్వ ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. "సావుకారమ్మ యాడుంది?" అని అడిగింది.

పోయిన సావుకారి భార్య గురించి అడుగుతోంది. మొగుడు పోయాక ఆమె ఎమ్మిగనూరులో తమ్ముడింట్లో ఉంటోంది. గిడ్డంగి రాసిచ్చిన కాగితాల్లో ఆమె సంతకం కూడా ఉంది. ఆమె కాదంటే కమిటీ ముందుకు పోలేదు. అది నాకు తెలుసు, కాని ఆమె దాకా పోవాలన్న ఆలోచన నాకు రాలేదు. అవ్వకు వచ్చింది.

ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ, "ఈ సేను పత్తి తెల్లగుండాది గాని పోగు పొట్టి", "ఈడ గింజ పెద్దది, జిన్నుకి శానా కష్టం" అని చెబుతూ వచ్చింది. బస్సంతా వింది. అడగబోయే మాట గురించి మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. భయంగా ఉందా అని అడిగాను. బస్సు రొదలో నా పెదవుల వంక చూసి, "ఉండాది" అంది.

సావుకారమ్మ కింది గదిలో పరుపు మీద కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. భారీ మనిషి. నేను నమస్కారం చేసి, వచ్చిన పని ఎట్లా మొదలుపెట్టాలా అని తడబడుతున్నాను. అవ్వ ఆమె వంక చూడటం లేదు. గది మూలన పైకి పోయే మెట్ల వంక చూస్తోంది. నిటారు మెట్లు. మెల్లగా అక్కడికి నడిచి, కాలు ఆనించి చూసింది.

"అమ్మా, నువ్వు పైకి పోయి ఎన్నాళ్లాయె?" అని అడిగింది.

పలకరింపు లేదు, ఏమీ లేదు. సావుకారమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ఆమె మొహమే మారిపోయింది.

"రెండేండ్లు" అంది. "దేవుని గది పైననే ఉంది. మరదలు పోయి దీపం పెట్టి వస్తాది. నేను ఈడ నుంచే దండం పెడతా."

"నీ కాళ్లు కూడా ఎవురూ కొలవలే" అంది అవ్వ.

అప్పుడు సావుకారమ్మ తనే ఆమెను కూర్చోమంది. రెండోసారి కూడా కూర్చోమంది. అవ్వ నేల మీద కూర్చొని జరిగినదంతా చెప్పింది. తన తప్పు ముందు చెప్పింది, నాది చెప్పనే లేదు.

"ఎక్కలేమని సెప్పిన మాట నాదేనమ్మా. మెట్లు ఎత్తుండాయని సెప్పినా గాని మిద్దె వద్దని సెప్పలే. ఎనిమిదిమంది. ఒకాయప్ప మీ మూటలు మోసి మోసి మోకాళ్లు పోగొట్టుకున్నోడు. ఆయప్పకి యాడా జాగా లేదు."

సావుకారమ్మ తన ఇంటి మెట్ల వంక చూసింది. మరిది మాట కాదనడం ఆమెకు కష్టమే అయి ఉంటుంది. చివరికి నా వైపు తిరిగి, "ఆమె సెప్పినట్ల మెట్లు కట్టు. కట్టినాంక నేను వస్తా. నేను ఎక్కితే పైమిద్దె వాళ్లకే. నేను ఎక్కలేకపోతే మరిది సెప్పినట్ల కానీ. ఈ మాట నేనే రాసి పంపిస్తా" అంది.

తిరుగు బస్సులో అవ్వ పత్తి గురించి మాట్లాడలేదు. "శానా లావుందప్పా ఆయమ్మ" అని మాత్రం అంది.

ఆ నెల నేను కట్టిన మెట్లంత జాగ్రత్తగా మళ్లీ ఏదీ కట్టలేదు. ప్రతి మెట్టుకూ అవ్వ పిడికిలి, బొటనవేలు. సగం దూరంలో మలుపు వచ్చింది. అక్కడ వెడల్పు బండ వేసి, గోడవార కూర్చోవడానికి తిన్నె కట్టించాను. పట్టుకోవడానికి ఏదైనా కావాలంది. ఫ్యాక్టరీ పాత సామాను కొట్టులో విరిగిన జిన్ను మిషను ఇరుసు గొట్టాలు దొరికాయి. వాటిని రుద్దించి, గోడ పొడుగునా బిగించాను. అవ్వ దాన్ని తడిమి, "ముప్పై ఏండ్లు దీని మొహమే సూసినా" అంది.

సావుకారమ్మ మధ్యాహ్నం పూట కారులో వచ్చింది. చిన్న సావుకారి, కమిటీవాళ్లు, పదహారుమంది ముసలివాళ్లు ఆవరణలో నిలబడ్డారు. మొదటి ఆరు మెట్లు బాగానే ఎక్కింది. ఏడో మెట్టు మీద నిలబడిపోయింది. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకొని రొప్పుతోంది. నేను అడుగు ముందుకు వేయబోతే అవ్వ కళ్లతోనే వద్దంది.

"వదినా, దిగండి. ఎందుకీ పంతం?" అన్నాడు చిన్న సావుకారి. ఆయన గొంతులో నిజంగానే భయం ఉంది.

అవ్వ సావుకారమ్మను దాటి, నింపాదిగా పైన ఇంకో నాలుగు మెట్లెక్కి, మలుపులో ఉన్న తిన్నె మీద కూర్చుంది. ఎవరూ కూర్చోమనకుండా ఆమె కూర్చోవడం అదే మొదలు. కూర్చొని పక్కన చోటు చూపించింది. సావుకారమ్మ ఆ చోటు వంక చూసింది. ఒక మెట్టు ఎక్కింది, ఇంకొకటి ఎక్కింది. వచ్చి అవ్వ పక్కనే, అదే తిన్నె మీద కూలబడింది. కింద ఎవరో ముసలామె గట్టిగా ఊపిరి వదిలింది.

ఇద్దరూ అట్లా ఎంతసేపు కూర్చున్నారో నాకు గుర్తు లేదు. వాళ్లేం మాట్లాడుకున్నారో మాకెవరికీ వినపడలేదు. అవ్వ అంత మెల్లగా మాట్లాడగలదని ఆ రోజే తెలిసింది. సావుకారమ్మ నవ్వడం మాత్రం చూశాం. తర్వాత లేచింది. మిగతా మెట్లు ఆగకుండా ఎక్కింది. పైన కిటికీ దగ్గర నిలబడి కోటకొండ వైపు చూసింది. అక్కణ్నుంచే మరిదిని పిలిచింది.

"నేనెక్కినా గదప్పా. ఇంగేమి?"

చిన్న సావుకారి తల ఊపాడు. ఆయన మొహంలో కూడా ఏదో బరువు దిగినట్టే కనిపించింది నాకు. నేను పక్కకు పోయి, ఇసుక కుప్ప మీద కూర్చొని మొహం తుడుచుకున్నాను. జేబులో చీటీ తీసి పదహారు పేర్లూ మళ్లీ ఒకసారి చదువుకున్నాను.

గదులు ఇచ్చిన రోజు అవ్వ పైన చివరి గది అడిగింది. మెట్ల పక్కనే ఉన్నది తీసుకోవచ్చు కదా, నడక తగ్గుతుంది అన్నాను. "దాంట్లో ఆ హమాలీ ఉండల్ల" అంది. ఆమె సామానంతా ఒక రేకుపెట్టె, రెండు కుండలు, ఒక నులకమంచం. మంచం నేనూ మేస్త్రీ పైకి మోసుకొచ్చాం. మేస్త్రీ దిగిపోయాడు. అవ్వ గది నాలుగు గోడలూ తడిమి, పొయ్యి తడిమి, చివరికి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తలుపుకు లోపలి వైపు బిగించిన ఇనుప గడియ మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"ఇది దేనికప్పా?"

అన్నీ అడిగి చేయించుకున్న మనిషి అది అడగలేదు. నలభై ఏళ్లుగా ఒకరి వరండాలో, ఒకరి పంచలో పడుకున్న మనిషికి తలుపు లోపలి వైపు ఎట్లా ఉంటుందో తెలియదు.

"లోపల గడియ అవ్వా. నువ్వు తీస్తే తప్ప ఎవరూ లోపలికి రాలేరు" అన్నాను, పెదవులు బాగా కదిలిస్తూ.

"ఎవురూనా?"

"ఎవరూ."

నా భుజం పట్టుకొని బయటికి నెట్టింది. తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. తీసింది. మళ్లీ వేసింది. ఆ తర్వాత లోపల ఏ అలికిడీ లేదు. నేను వసారాలో నిలబడి ఉన్నాను. తలుపు తట్టాను. ఆమెకు వినపడదని తట్టాక గుర్తొచ్చింది. ఏమైనా అయిందేమోనని కొంచెం కంగారు కూడా పడ్డాను.

అప్పుడు లోపలి నుంచి జిన్ను మిషన్లను దాటి వచ్చే ఆ గొంతు వినిపించింది.

"ఓవర్సీరప్పా, ఇంకా ఆడనే ఉండావా?"

"ఉన్నానవ్వా!" అని అరిచాను. తలుపు అడ్డం ఉండగా ఆమెకు నా పెదవులు కనపడవు కదా.

"ఉంటే ఇంగ పోప్పా" అంది. "నేను కాసేపు పండుకుంటా."